సంహితక్క చూడని రౌండ్

కొండపాక ప్రసూనకు పంతమెక్కువ. కల్లు గీసే దుబ్బయ్యకు ఒక్కగానొక్క కూతురు. అనుకున్నది అయ్యేదాకా తను కూర్చోదు, ఇంట్లోవాళ్లను కూర్చోనివ్వదు. తొమ్మిదో తరగతిలో సర్కారు బడి పిల్లలంతా కలిసి గీత వెంబడి నడిచే చిన్న రోబో బండి తయారుచేస్తే, దానికి నడక నేర్పే పని తనే నెత్తికెత్తుకుంది. నల్లబండలు పరిచిన తమ వసారాలో ముగ్గుపిండితో మెలికలు గీసి వదిలితే, బండి ఆ గీత తప్పకుండా పోయేది.

తీరా సిద్దిపేటలో పోటీకి వెళ్తే, తెల్లటి ఫ్లెక్సీ మీద నల్లగీత! బండి ఆ గీతను చూసి జడుసుకున్నట్టు పక్కకు ఉరికి, ఉన్నచోటే గిరగిరా తిరిగింది. చూసినవాళ్లు నవ్వారు. ప్రసూన మొహం కందగడ్డయింది.

అప్పుడొచ్చింది సంహిత. సిద్దిపేటలో పేరున్న ప్రైవేటు బడి, పదో తరగతి, ఏటా కప్పు వాళ్లదే. అలాంటివాళ్లు ఇటువైపు కన్నెత్తి చూస్తారా? ఈ పిల్ల మాత్రం వచ్చి నేల మీదే చతికిలబడింది.

"చెల్లె, ఇంటికాడ దేనిమీద నడిపిచ్చిన్రు?"

"ముగ్గు మీద అక్కా."

సంహిత నవ్వలేదు. "గంతే. బండికేం కాలె. తెల్లగీత పట్టుమని మీరే నేర్పిన్రు, గది మీ మాటనే ఇంటుంది పాపం."

తన లాప్‌టాప్ ప్రసూన ఒళ్లో పెట్టి, ప్రోగ్రాంలో ఎక్కడ మార్చాలో వేలుతో చూపించింది. మార్చడం మాత్రం ప్రసూనతోనే చేయించింది. అంతలో తన జట్టు కేకేస్తే లేచి పరుగెత్తింది. తర్వాతి రౌండ్‌లో ప్రసూన బండి నల్లగీత పట్టి చివరిదాకా నడిచినప్పుడు ఆమె అక్కడ లేదు.

కప్పు రాలేదని ప్రసూన బాధపడలేదు. ఆ రౌండ్ అక్క చూడలేదన్న వెలితే ఏడాదంతా పీకింది. కొత్త చక్రాలు వేసినా, బండి మలుపు సాఫీగా తిరిగినా, "అక్క జూస్తే మంచిగుండు" అనేది.

"కన్న బాపు జూస్తే సాలదా బిడ్డా?" అనేవాడు దుబ్బయ్య.

చాలదు మరి. చెట్టెక్కినోడి కష్టం చెట్టెక్కినోడికే ఎరుక అని ఆయనే కదా అంటాడు.

మరుసటి ఏడు కప్పు ప్రసూన జట్టుకే వచ్చింది. దాన్ని పట్టుకుని సంహిత బడి పిల్లల దగ్గరికి ఉరికింది. సంహిత హైదరాబాదులో ఇంటర్ చదువుతోందట. హాస్టల్లో ఫోన్లుండవట. ఆదివారం వాళ్లమ్మ ఉష చూడ్డానికి వెళ్లినప్పుడు మాట్లాడొచ్చని చెప్పి, ఆమె నంబరిచ్చారు.

ఆదివారం బాపు బటన్ ఫోను నుంచి చేస్తే, ఉష కూతురికిచ్చింది. ప్రసూన ఊపిరి తీసుకోకుండా ముగ్గు సంగతి, కప్పు సంగతి అంతా చెప్పేసింది.

"ఏమనుకోకు చెల్లె, నువ్వు యాదికొస్తలేవు. ఏటా శానమందికి జూపెడుతుంటిమి."

ఇన్నాళ్లూ ప్రసూన తలుచుకున్న మనిషికి తన మొహం కూడా గుర్తులేదు. "మంచిది అక్కా" అని పెట్టేయబోయింది.

"ఆగు, పెట్టకు. బండి నీ దగ్గరుందా?"

"ఉంది."

"జర నడిపియ్యవా? మోటర్ల సప్పుడు ఇనక ఎన్ని దినాలయిందో. ఈడ పుస్తకాలు తప్ప ఏం ముట్టనియ్యరు."

ప్రసూన బండిని గీత మీద వదిలి, ఫోను పట్టుకుని దాని పక్కనే వంగి నడిచింది. రౌండ్ పూర్తయ్యాక ఫోను చెవికి పెట్టుకుంటే, అవతల ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు.

"అయిపోయిందక్కా."

"ఇంకొక్క రౌండ్ చెల్లె," అంది సంహిత.