హాలీహాక్‌లకు రెండుపూటలా స్నానం

ఛత్తీస్‌గఢ్‌లోని మా బచేలి దుకాణాల్లో తెల్ల బనియన్లు ఎందుకు అమ్ముతారో నాకిప్పటికీ అర్థం కాదు. కొన్నరోజు తెలుపు, మూడో ఉతుకుకి ఇటుక. కొండ మీద ఇనుప గనులున్న ఊళ్లో ఎర్రదుమ్మే అందరికన్నా సీనియరు. ఎక్కడ ఏ మరక కనిపించినా మేం కారణం వెతకం. దుమ్మే అనేసి తుడిచేస్తాం. ఇరవై ఎనిమిదేళ్లు ఇక్కడ ఉద్యోగం చేసి ఆ విద్యలో నేను పండిపోయాను.

మా కాలనీలో ఏటా మార్చి మొదట్లో క్వార్టర్ల తోటలకు పోటీ పెడతారు. నాకెప్పుడూ ప్రోత్సాహక బహుమతి, అంటే స్టీలు టిఫిన్ డబ్బా. మా వంటింట్లో ఇక ప్రోత్సాహం పెట్టుకోవడానికి చోటు లేదు. మొన్నటి మార్చి ఆఖరుకు నా రిటైర్మెంటు. అంటే అదే చివరి పోటీ. ఒక్కసారి మొదటి బహుమతి పట్టుకుని ఫొటో దిగి క్వార్టరు ఖాళీ చేయాలని కోరిక. పైకి మాత్రం "పోటీలదేముందండీ" అంటూ తిరిగాను.

ఈసారి హాలీహాక్‌లను నమ్ముకున్నాను. మందారానికి దూరపు చుట్టం. ఒక్క కాడే మనిషిని దాటి లేచి, ఒళ్లంతా గిన్నెల్లాంటి పూలు పూస్తుంది. జగదల్‌పూర్ నుంచి విత్తనాలు తెప్పించి అక్టోబరులో నాటాను. మిగిలినవి ఎదురింటాయనకూ, వీధి చివరి క్వార్టరాయనకూ పంచాను. దానగుణం కాదు, ఓడిపోవడానికి ఎవరో ఒకరుండాలి కదా.

జనవరి ఆఖరుకు మొక్కలు నడుమెత్తు వచ్చాయి. అప్పుడే ఆకుల అడుగున ఎర్రటి చుక్కలు కనిపించాయి. దుమ్మనుకున్నాను. ఇంకేమనుకుంటాను? మర్నాడు పొద్దున్నే బకెట్టు, తడిగుడ్డ పట్టుకుని ఒక్కో ఆకునూ రెండువైపులా తుడవడం మొదలుపెట్టాను.

"పెళ్లయ్యాక ఇంతవరకూ ఒక్క గ్లాసు కడిగిన మనిషి కాదమ్మా" అని మా ఆవిడ గేటు దగ్గర నిలబడి వీధికంతా తెలియజేసింది.

మా ఇంట్లో పనిచేసే పెద్దావిడది బీజాపూర్ అవతల తెలంగాణ సరిహద్దు పల్లె. చాలా ఏళ్లు మిరప చేలల్లో కూలి చేసింది. ఆమె ఒక ఆకు తిప్పి చూసింది.

"ఏంది సారూ, దుమ్ము ఆకు మీద పడతది గని అడుగుకెట్ల పోతది? ఇది తెగులు. ఈ ఆకులు తెంపి కాలబెట్టుండ్రి. తడిపితే పక్కదానికి అంటుకుంటది."

నేను బీఎస్సీ. ఇనుమూ గాలీ తేమా కలిస్తే ఏమవుతుందో ఆమెకు వివరంగా చెప్పాను. అంతా విని, "మంచిది సారూ" అని చీపురందుకుంది.

ఎదురింటాయన మొక్కల మీదా దుమ్ము ఉండేసరికి జాలేసి, అదే బకెట్టు, అదే గుడ్డతో వెళ్లి శుభ్రంగా తుడిచిపెట్టాను. పది రోజుల్లో ఆయనకూ చుక్కలొచ్చాయి.

"చూశారా అన్నగారూ, ఈ ఏడు దుమ్ము మరీ ఎక్కువ" అన్నాడు.

ఔనన్నాను. అప్పట్నుంచీ ఇద్దరం రెండుపూటలా తుడిచాం.

పోటీ రోజుకు పూలు బాగానే వచ్చాయి. కింద ఆకులే లేవు. తలపాగా చుట్టుకుని పంచె మరిచిపోయిన పెద్దమనుషుల్లా నిలబడ్డాయి మొక్కలు. మార్కులు వేయడానికొచ్చినవాళ్లలో ఒకాయన మొక్కలు తెలిసినవాడు. మిగిలిన ఒక ఆకు తిప్పి, రోజూ తడిపేవారా అని హిందీలో అడిగాడు. రెండుపూటలా అన్నాను గర్వంగా. ఆయన కాగితం మీద ఏదో చిన్నమాట రాసుకున్నాడు. 'ప్రథమ' అంత పొట్టిగా ఉండదు.

మొదటి బహుమతి వీధి చివరి క్వార్టరుకు వచ్చింది. ఆయన కూతురి పురుటికని వెళ్లాడు, ఇంటికి నెలన్నరగా తాళం. ఆకుల మీద వేలితో పేరు రాసేంత దుమ్ము. అయినా మా ఊళ్లో దుమ్ముకు మార్కులు తగ్గించరు, తగ్గిస్తే ఎవరికీ మిగలవు. ఆ దుమ్ము కింద ఆకులు మొదలుదాకా పచ్చగా ఉన్నాయి.

అక్కడ నీళ్లు పోసేది మా పెద్దావిడే. ఆయన తరఫున బహుమతి తనే అందుకుని, చంకలో పెట్టుకుని మా గేటు దగ్గర ఆగింది. నా చేతిలో కొత్త టిఫిన్ డబ్బా.

"వాటికేం చేశావమ్మా?" అని అడిగాను.

"ఏం చెయ్యలే సారూ. మొదలు కాడ చెంబెడు నీళ్లు పోసిన, చుక్కలొచ్చిన ఆకు తెంపిన, అంతే. మీరు గూడ తాళమేసి ఊరికి పోయుంటే మీకే వచ్చేది గద."