వచ్చిపోయినవాళ్లు

మొన్న కాజీపేటలో మనవరాలికి తట్టు టీకా వేయించడానికి వెళ్తే ఆ గదిలో ఉన్నవారు నలుగురు తల్లులు, ఒక నాయనమ్మ, ఒక నర్సు, నేను. ఉన్న వస్తువులు ఐసు డబ్బా, గోడ గడియారం, ఏడ్చే పిల్లల ముందు ఆడించే గిలక్కాయ. భయం మాత్రం ఎవరి ముఖంలోనూ లేదు, నా ఒక్కడి ముఖంలో తప్ప.

ఎనభైల్లో వరంగల్‌లో ఇంజనీరింగు చదువుతూ, తట్టు ఒక వాడలో ఎలా పాకుతుందో కాలేజీ కంప్యూటరు మీద లెక్క కట్టేవాణ్ణి. మనుషులను మూడు గుంపులు చేయాలి: తట్టు ఇంకా రానివాళ్లు, వచ్చినవాళ్లు, వచ్చిపోయినవాళ్లు. మొదటి గుంపులో కొందరికి టీకా వేస్తే గ్రాఫులో గీత ఎంత వంగుతుందో చూసి మురిసిపోయేవాణ్ణి. పురిటికి వచ్చి మా ఇంట్లోనే ఉన్న అక్క బిడ్డ, ఐదు నెలల పసిగుడ్డు, ఆ గుంపులోనే ఉందన్న సంగతి గుర్తుకే రాలేదు.

పక్కింటి మగ్గంవాళ్ల పాప ఆ బిడ్డను చంకనేసుకుని పొద్దంతా తిప్పేది. ఒక వేసవిలో ఆ పాపకు జ్వరం, దగ్గు, కళ్ల వెంట నీళ్లు. అయినా వచ్చి బిడ్డను ముద్దాడి పోయింది. ఆ తర్వాత గానీ ఒంటి మీద తట్టు తేలలేదు, అప్పటిదాకా వాళ్ల గుమ్మానికి వేపమండలు కట్టలేదు. మండలు చూసి వాడంతా దూరం జరిగింది గానీ, తట్టు తేలకముందే అంటుకుంటుందని, మండ ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుందని నాకు తెలుసు.

మా బిడ్డకు టీకా ఈడు రాలేదు. మిగతా పిల్లలకైనా వేయిస్తే బిడ్డ దాకా రాదేమోనని ఇంటింటికీ తిరిగి బతిమాలుతుంటే, మా అమ్మ కసిరింది.

"అమ్మ వచ్చిన వాడల సూదేందిరా? తల్లికి కోపమొస్తే నువ్వు ఆపుతవా?"

అక్క బిడ్డను ఒడిలోంచి దించలేదు. "తమ్మీ, నీ మిషను నా బిడ్డ పేరు చెప్పిందారా?" అని అడిగింది.

"పేర్లు చెప్పదక్కా, ఎంతమందో చెప్తది."

"ఎంతమందో నాకెందుకురా?"

ఆ తర్వాత రెండు వారాలు బిడ్డ తుమ్మినా పక్కకు పరుగెత్తేవాణ్ణి. నుదురు తాకి చూడాలనిపించేది, తాకడానికి చెయ్యి వచ్చేది కాదు.

బిడ్డకు రాలేదు. చిన్నప్పుడు అక్కకు తట్టు పోసింది గనుక తల్లి నుంచి వచ్చిన బలమే కాచిందని తర్వాత డాక్టరు చెప్పాడు. పక్కింటి పాపకు మాత్రం దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగింది. దవాఖాన నుంచి తిరిగి రాలేదు.

నా సమీకరణంలో కోలుకున్నవాళ్లకూ చనిపోయినవాళ్లకూ గుంపు ఒకటే. ఇక ఎవరికీ అంటించరు గనుక లెక్కకు తేడా అక్కర్లేదు.

ఇప్పుడు గుమ్మాలకు వేపమండలు కనబడవు, తట్టు ఎలా ఉంటుందని తల్లులే అడుగుతున్నారు. అలా అడగగలగడం ఎంత అదృష్టమో నా ఈడువాళ్లకే తెలుసు. మా వాడ మీద ఆ వేసవిలో రాసిన ప్రాజెక్టులో చివరి వరుస ఇది: వచ్చిపోయినవాళ్లు, పక్కింటి పాపతో కలిపి, పదకొండు మంది.