కొల్లేట్లో తేలిన పాటల పెట్టె

ఆ రోజుల్లో మా ఏలూరు కుర్రాళ్ళం కారు గొప్పతనాన్ని దాని పొడవుతో కొలిచేవాళ్ళం కాదు. అది వీధిలోకి వచ్చినప్పుడు ఎన్ని ఇళ్ళ కిటికీలు గడగడలాడాయో దాన్నిబట్టి కొలిచేవాళ్ళం. పాట వినపడనక్కర్లేదు, మాటలు అసలే అక్కర్లేదు. దూరాన ఎక్కడో భూమి లోపల ఎవరో రోలు దంచుతున్నట్టు "ధుమ్... ధుమ్..." అని మొదలయ్యేది, ఆ వెనకాల మెల్లగా ఒక కారు వచ్చేది. నేను అన్నం ముందు నుంచి లేచి, ఎంగిలి చేత్తోనే వీధిలోకి వెళ్ళి నిలబడేవాడిని. ఆ దెబ్బ చెవికి కాదు, పక్కటెముకలకి తగిలేది. కారు మలుపు తిరిగి వెళ్ళిపోయాక కూడా ఛాతీలో ఒక మెత్తని ఒణుకు మిగిలేది. డిగ్రీ అయిపోయి, చెయ్యడానికి ఏమీ లేని వయసు. పని లేనివాడికి ఉన్నన్ని కలలు కలెక్టరుగారికి కూడా ఉండవు. నా కల ఏమిటంటే, ఏలూరు బజారులో కార్లకు పాటలు బిగించే కొట్టు పెట్టాలి. నోరు లేని చిన్న చిన్న కార్లు నా కొట్టుకి రావాలి, గుండెలదిరేలా పాడుకుంటూ వెళ్ళాలి.

మా నాన్నగారికి ఎరువుల కొట్టు ఉండేది. ఆయన యూరియా బస్తాల మధ్య కూర్చుని, మిగిలిన ప్రపంచాన్నంతా కొంచెం అనుమానంగా చూసేవారు. నా కల సంగతి చెప్పిన రోజున ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, నన్ను కొత్తగా చూశారు.

"శబ్దం అమ్ముతావట్రా?"

"శబ్దం కాదు నాన్నగారూ, బాస్ అంటారండి దాన్ని. స్పీకరుకి ఒక పెట్టె చేసి కారులో బిగిస్తే వస్తుందండి."

"ఏదో ఒకటి. పెదవేగిలో పామాయిల్ ఫ్యాక్టరీలో కాటా దగ్గర గుమాస్తా కావాలంటున్నారు. తెలిసినవాళ్ళతో మాట్లాడి ఉంచాను. అయినా నీ మాట ఎందుకు కాదనాలి? ఆ పెట్టేదో ఒకటి చేసి చూపించు. నేను కూర్చుని వింటాను. బాగుంటే కొట్టు పెట్టుకో. లేకపోతే మాట్లాడకుండా పెదవేగి బస్సెక్కు."

ఆ విధంగా నా బతుకంతా ఒక పెట్టె మీద ఆధారపడింది.

పెట్టెకి కారు కావాలి కదా. మండవల్లిలో మా అక్కావాళ్ళది చేపల చెరువు. బావగారికి ఒక చిన్న తెల్ల కారుండేది. ఆ కారుని ఆయన కారులా ఎప్పుడూ చూడలేదు. దాంట్లో దాణా బస్తాలు, వలలు, ఒక్కోసారి మా అక్క ప్రయాణం చేసేవి. నేను వెళ్ళి అడగ్గానే "దానికేముంది బావా, కానీ డిక్కీలో సగం నాకు ఉంచు, బస్తాలకి" అన్నారు. అందుకే మామూలు చెక్కపెట్టె పనికిరాలేదు. డిక్కీ మూల ఎలా వంపు తిరిగిందో అలాగే ఒదిగిపోయే పెట్టె కావాలి. అంటే ఫైబరుతో అచ్చు తియ్యాలి. ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని నేను తీయించుకొచ్చిన కాగితాల్లో ఎవరో దొర తన గ్యారేజీలో అదంతా నవ్వుతూ చేసేస్తున్నాడు.

నాకు తోడు మా స్నేహితుడు తివాచీ. (అసలు పేరు వేరే. వాళ్ళది తరాలుగా ఏలూరు తివాచీలు నేసే ముస్లిం కుటుంబం. బడిలో మొదటి రోజు మాస్టారు "మీ ఇంట్లో ఏం చేస్తారు?" అని అడిగిన పాపానికి ఆ పేరు స్థిరపడిపోయింది.) వాడి చేతికి కత్తెర ఇస్తే చాలు, గుడ్డ దానంతట అది తెగడానికి సిద్ధంగా ఉండేది. పెట్టె పైన పరవడానికి వాళ్ళ మగ్గం దగ్గర మిగిలిన ఎర్ర తివాచీ ముక్క కూడా వాడే తెస్తానన్నాడు.

సామానుకి ఇబ్బంది లేదు. కైకలూరులో చేపపిల్లల తొట్లకు అతుకులు వేసుకునే ఫైబరు చాప, దాన్ని గట్టిపరిచే రెజిను జిగురు దొరుకుతాయి. డిక్కీ మూలకి పాలిథిన్ కాగితం అంటించి, దాని మీద ఫైబరు చాప ముక్కలు పరిచి, తేనెలా ఉండే ఆ రెజినుని కుంచెతో పులమాలి. ఆరాక మళ్ళీ ఒక పొర, దాని మీద మళ్ళీ ఒకటి. మా అక్క గుమ్మంలో నిలబడి చూసి "దీనికి అంత చదువెందుకురా? మామిడి తాండ్ర పోసినట్టేగా" అంది. నిజమే, కానీ తాండ్రకి దురద ఉండదు. ఆ ఫైబరు నూగు ఒంటికి పట్టి మేమిద్దరం గోడలకి వీపులు రాసుకుంటుంటే, గట్టు మీద వెళ్ళే గేదెలు మమ్మల్ని తమవాళ్ళన్నట్టు ఆగి చూశాయి.

మూల అచ్చు వచ్చాక, స్పీకరు బిగించడానికి ముందువైపు మధ్యలో కన్నం ఉన్న ఒక చెక్క చక్రం నిలబెట్టి, దానికీ అచ్చుకీ మధ్య సాగే ఉన్నిగుడ్డ లాగి కట్టి, రెజినుతో తడపాలని దొర రాశాడు. ఉన్నిగుడ్డ! మార్గశిరంలో కూడా ఫ్యాను వేసుకునే ఊళ్ళో ఉన్నిగుడ్డ ఎక్కడ తెస్తాం? చివరికి నాన్నగారి పాత బనియన్లు విప్పదీసి తివాచీ కుట్టిచ్చాడు. (ఈ సంగతి ఆయనకి నేటికీ తెలియదు.) రెజిను ఆరిన పొద్దున చూస్తే, పాలపిట్ట గుడ్డులా నున్నగా, ఏ వైపు నుంచి చూస్తే ఆ వైపు కొత్తగా కనిపించే వింత ఆకారం ఒకటి మా అక్కావాళ్ళ పెరట్లో ఎండలో మెరుస్తోంది. నేను దాని పక్కన కూర్చుని అరచేత్తో నిమిరి చూసుకున్నాను. నా చేతులతో చేసిన మొదటి వస్తువు అది. అంతకు ముందు నేను చేసినవన్నీ పరీక్షలే.

అక్కడితో ఊరుకుని స్పీకరు బిగించి ఉంటే ఈ కథే లేదు. కానీ దొర కాగితంలో చివర ఒక వాక్యం ఉంది. పెట్టెలోంచి గాలి పిసరంత కూడా బయటికి పోకూడదట, పోతే శబ్దం చచ్చిపోతుందట. ఎలా తెలుసుకోవాలో మాత్రం రాయలేదు. నేను ఆ వాక్యాన్ని తెలుగులో చదివి వినిపించగానే బావగారు లేచి నిలబడ్డారు. ఆయన పుట్టినప్పటి నుంచి తొట్లు, దోనెల మధ్య పెరిగిన మనిషి.

"గాలి పోతోందో లేదో కాగితం చెప్పదు బావా, నీళ్ళు చెబుతాయి. ఏ తొట్టయినా నీళ్ళల్లో దించందే నమ్మకూడదు. సైకిలు ట్యూబు పంచరు చూసినట్టు ముంచి చూద్దాం. బుడగ వచ్చిందా, చిల్లు ఉన్నట్టు."

ఆ క్షణంలో ఇంతకన్నా తెలివైన మాట లోకంలో లేదనిపించింది. స్పీకరు కన్నానికి చెక్క మూత పెట్టి, మధ్యలో పాత ట్యూబు రబ్బరు వేసి, మరలు బిగించాం. కారులోనే చెరువు దగ్గరికి తీసుకెళ్ళాం. చెరువులో దించబోతే బావగారు అడ్డం వచ్చారు. "ఆ రెజిను కంపు నా చేపలకి పట్టించకండి. పక్కన డ్రైను ఉందిగా!" వానలు తగ్గుముఖం పట్టిన రోజులవి. పొలాల నీళ్ళన్నీ మోసుకుంటూ ఆ డ్రైను కొల్లేటి వైపు హుషారుగా పోతోంది.

అంత పెట్టెని, అదీ గాలి నిండినదాన్ని, నీళ్ళల్లో ముంచడం ఎంత కష్టమో మాకు తెలియదు. నేను ఒక వైపు, తివాచీ ఒక వైపు, పైన బావగారు ఎక్కి కూర్చున్నారు. మునిగినట్టే మునిగి అది పక్కకి ఒరిగి, బావగారిని నీళ్ళల్లో దించి, మా చేతుల్లోంచి జారి పైకి ఎగిరింది. మేము కళ్ళు తుడుచుకుని చూసేసరికి మా పెట్టె డ్రైను మధ్యలో, చాలా పెద్దమనిషి తరహాలో, తనదారిన తను పోతోంది. "బుడగలు రాలేదు బావా!" అని బావగారు నీళ్ళల్లోంచి సంతోషంగా అరిచారు.

గట్టున ఉన్న దోనె తీసుకుని నేనూ తివాచీ వెంటపడ్డాం. వాడు గెడ వేస్తుంటే నేను ముందు కూర్చున్నాను. రెండు గట్ల మీదా జనం పోగయ్యారు.

"ఏవండీ, అదేంటండీ కొట్టుకుపోతోంది?"

"కారు పెట్టెండీ!"

"కారు పడిపోయిందాండీ? అయ్యయ్యో! లోపలెవరైనా ఉన్నారాండీ?"

జవాబు చెప్పేలోగా దోనె ముందుకు వెళ్ళిపోయింది. ఆ ప్రశ్న మాత్రం వెనక్కి, నోటి నుంచి నోటికి, సెల్‌ఫోను నుంచి సెల్‌ఫోనుకి పాకి, ఏలూరులో ఎరువుల కొట్టు చేరేసరికి "మీ అల్లుడుగారి కారు కొల్లేట్లో పడిపోయిందటండీ, మీ అబ్బాయి అందులోనే ఉన్నాడటండీ" అయింది. ఆ సంగతి మాకేం తెలుసు?

డ్రైను విశాలమై, గట్లు దూరంగా జరిగి, ఎప్పుడు మొదలైందో తెలియకుండానే కొల్లేరు వచ్చేసింది. గెడ చప్పుడు తప్ప ఏ చప్పుడూ లేదు. గుర్రపుడెక్క పూలు లేత ఊదారంగులో నీళ్ళ మీద తేలుతున్నాయి. సాయంత్రపు ఎండ వాటి మీద ఏటవాలుగా పడుతోంది. మా పెట్టె ఆ పూల మధ్యలోంచి మెల్లగా తిరుగుతూ పోతోంది. ఎక్కడి నుంచో ఒక నీటికాకి వచ్చి దాని మీద వాలి, రెక్కలు రెండూ చాపి ఆరబెట్టుకుంటూ నిలబడింది. పైన గూడబాతులు బారుగా, తొందర లేకుండా వెళుతున్నాయి. పట్టుకోవాలంటే చెయ్యి చాపితే అందే దూరానికి వచ్చాం. నేను చెయ్యి చాపలేదు. తివాచీ కూడా గెడ ఆపేశాడు. గుండెలు అదరగొట్టడానికి పుట్టిన నా పెట్టె అంత నిశ్శబ్దంగా ఉండగలదని నేనెప్పుడూ అనుకోలేదు.

"ఒరేయ్, బాగుందిరా" అన్నాడు తివాచీ.

"చాలా బాగుందిరా" అన్నాను.

పక్షి తనంతట తను లేచి వెళ్ళాక పెట్టెని దోనెలోకి లాక్కున్నాం. వెనక్కి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. గట్టు మీద జనం, జనం మధ్యలో కారు, కారు బానెట్ మీద చెయ్యి ఆనించుకుని మా నాన్నగారు. స్కూటరు మీద అంత దూరం ఏకబిగిన వచ్చారట. కారు పొడిగా ఉంది, నేను లేను. బావగారు ఎంత చెప్పినా, నన్ను చూసేదాకా ఆయన ఆ బానెట్ మీద చెయ్యి తియ్యలేదట. నేను తిట్లకి సిద్ధపడి దిగాను. ఆయన నా తల తడిమి, "తడిశావట్రా?" అన్నారు. అంతే. ఆయన గొంతు అలా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. బావగారు మూత విప్పి లోపల చెయ్యి పెట్టి "చుక్క లేదు మావయ్యగారూ!" అని ప్రకటించారు. చెరువుల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పెట్టెని తట్టి, లోపలికి తొంగిచూసి, తలలూపుకుంటూ నాన్నగారితో ఏదో మాట్లాడారు.

ఆ ఆదివారం స్పీకరు బిగించి, ఎర్ర తివాచీ పరిచి, కారుని ఏలూరు తీసుకొచ్చి మా ఇంటి ముందు నిలబెట్టాం. నేను దిమ్మతిరిగే పాటలు ఏరి ఉంచాను. నాన్నగారు తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, ముందు సీట్లో కూర్చుని, జేబులోంచి తన క్యాసెట్టు తీశారు. నాటక పద్యాలు! పద్యంలో బాస్ ఎక్కడుంటుంది? హార్మోనియం ఎత్తుకుంది, ఆయన కళ్ళు మూసుకున్నారు, పద్యం అందుకున్నాయన రాగం తీస్తున్నాడు, తీస్తూనే ఉన్నాడు. వెనకాల నా పెట్టె నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. తివాచీ నా వైపు చూడడం మానేశాడు. చివరికి రాగం ముగిసి, తబలా ఆయన ఒక్క దెబ్బ వేశాడు. ధుమ్! నంబరు ప్లేటు గలగలలాడింది. నాన్నగారు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, "ఎవరండీ అది?" అని, తలుపు తీసుకుని దిగి, డిక్కీ దాకా వెళ్ళి చూసొచ్చారు.

మళ్ళీ కూర్చుని, క్యాసెట్టు తీసి జేబులో వేసుకున్నారు.

"లాభం లేదురా. హాయిగా పద్యం వింటుంటే మధ్యలో ఎవరో తలుపు బాదినట్టుంది. పాటల కొట్టు వద్దు."

నేను తల దించుకున్నాను. "పెదవేగి బస్సు ఎన్నింటికి నాన్నగారూ?"

"పెదవేగి ఎందుకూ? మొన్న గట్టు మీద ఎంతమంది అడిగారో తెలుసా, ఏవండీ, ఆ తొట్టి చేసిన అబ్బాయి మీవాడేనాండీ, మాకూ ఒకటి చేసిపెడతాడాండీ అని. ఇన్నేళ్ళలో నిన్ను గురించి నన్ను ఎవరూ అలా అడగలేదురా. పాడే పెట్టె నీకొక్కడికే కావాలి. మునగని తొట్టి కొల్లేరంతటికీ కావాలి."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను కానీ నాకు ఆనందం వెయ్యలేదు. పందెం గెలిచానో ఓడానో తెలియక, పెరట్లోకి వెళ్ళి కాసేపు ఒంటరిగా కూర్చున్నాను.

ఇప్పుడు కైకలూరు రోడ్డు మీద మా షెడ్డు ఉంది. చేపపిల్లల తొట్లు, చిన్న పడవలు చేస్తాం. కత్తెర ఇప్పటికీ తివాచీదే. కిటికీలు అదరగొట్టే కార్లు మా ముందు నుంచే వెళుతుంటాయి, మేము తలెత్తం. అయితే ప్రతి కొత్త తొట్టీ ఆరిపోయాక, పనివాళ్ళు వెళ్ళాక, నేను చేసే పని ఒకటుంది. దాంట్లోకి తలకాయ దూర్చి, మెల్లగా "ఊఁ..." అంటాను. నా గొంతు బరువెక్కి, గుండ్రంగా తిరిగి, నా పక్కటెముకల దగ్గరికే వస్తుంది. ఎంగిలి చేత్తో వీధిలో నిలబడిన ఇరవై రెండేళ్ళ ఆ కుర్రాడు ఎప్పుడైనా మా గుమ్మంలోకి వచ్చి "ఇక్కడ పాటల కొట్టు ఉండాలి, ఏదండీ?" అని అడిగితే నేను వాదించను. లోపలికి రా బాబూ, వంగు, ఒక్కసారి "ఊఁ" అను, అంటాను.