ఫ్యాను ఒకటిలో, కాఫీ పేపర్ గ్లాసులో

మా చిన్నప్పుడు... మరీ పాతకాలమేం కాదులెండి, నేను ఎనిమిదో తరగతి. పటమటలో మా హాల్లో ఒక సీలింగ్ ఫ్యాను ఉండేది. ఒకటిలో పెడితే చుట్టు తిరిగినప్పుడల్లా "టక్" మనేది. ఐదులో పెడితే ఆ చప్పుడు గాలిలో కలిసిపోయేది. నేను గిటార్ నేర్చుకుంది ఆ టక్కు మీదే.

నేర్పింది ప్రభుదాసు మాష్టారు. వారమంతా ఆటోనగర్‌లో లారీ బాడీలకి రంగులేసేవారు. ఆదివారం పొద్దున మాకు రెండు వీధుల అవతల చర్చిలో గిటార్ వాయించి, మధ్యాహ్నం మా ఇంటికొచ్చేవారు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు... ఎర్రదో, పసుప్పచ్చదో.

నాకు మామూలు పాఠాలు ఆనేవి కావు. ఫోన్లో ఎవరో స్వీప్ పికింగ్ చేస్తుంటే చూశాను. తీగలు మీటే పిక్కు ఒక్క ఊపున ఐదు తీగల మీదుగా జారిపోతుంది... స్వరాలు మాత్రం పూసల్లా విడివిడిగా రాలతాయి. ఆ ఒక్కటి వస్తే చాలు, ఇంకేం అక్కర్లేదనుకున్నాను.

"రెండు నెల్లేగా బాబూ అయింది... ఏడాది ఆగండి" అన్నారు మాష్టారు. పదమూడేళ్ళ నన్ను "అండి" అనేవారు. అది అప్పుడు నాకు వింతగా తోచలేదు.

మొండికేస్తే ఒప్పుకున్నారు. "సరే. ముందు పైనుంచి కిందికి. అది శుభ్రంగా వచ్చిన రోజున కిందినుంచి పైకి చెప్తాను."

వస్తే ఒట్టు! గంపెడు గిన్నెలు గచ్చు మీద పడ్డట్టు ఐదు తీగలూ కలిసి మోగేవి. తప్పు కుడిచేతిది కాదు, ఎడమచేతిది. వేళ్ళన్నీ బిగబట్టి తీగల మీదే ఉంచేసేవాణ్ణి. "నొక్కండి, మోగనివ్వండి, వదిలెయ్యండి. మోగిన తీగ మీద వేలుంచకూడదు. టక్కుకో తీగ..." అనేవారు మాష్టారు.

అందుకే ఫ్యాను ఒకటిలో. బెజవాడ మే నెలలో! నానమ్మ కొంగుతో విసురుకుంటూ, "ఇదేం చదువయ్యా, ఉడికి చచ్చేట్టున్నాం" అని సణిగేది. "పది నిమిషాలేనండి అమ్మగారూ" అని మాష్టారు నవ్వేవారు. ఆయన అటు తిరగ్గానే నేను రెగ్యులేటర్ మూడుకి తిప్పేవాణ్ణి, గబగబా వాయించేద్దామని. చెవితోనే కనిపెట్టేసేవారు. "పరిగెడితే రాదు బాబూ..."

మధ్యలో కాఫీ. నాకూ నాన్నకీ స్టీలు గ్లాసుల్లో. మాష్టారికి పేపర్ గ్లాసులో. వంటింటి గూట్లో ఒక కట్ట ఉండేది, ఆయన కోసమే. "తీసుకోండి మాష్టారూ, వేడిగా ఉందండీ" అని ఎంతో మర్యాదగా ఇచ్చేది నానమ్మ. ఆయన తాగేసి, గ్లాసు నలిపి, మా చెత్తబుట్టలో వెయ్యకుండా తన గిటార్ సంచి జేబులో పెట్టుకుని వెళ్ళేవారు.

నేనేమనుకున్నానో తెలుసా? పెళ్ళిళ్ళలో చుట్టాలకి ఇస్తారు కదా పేపర్ గ్లాసులు... అలాంటి గౌరవమనుకున్నాను.

ఒక ఆదివారం వచ్చేసింది. ఐదు టక్కులకి ఐదు స్వరాలు, ఒకదాని మీద ఇంకోటి పడకుండా. మాష్టారు తొడ చరిచి "అద్దీ!" అన్నారు. ఇంకోసారి... మళ్ళీ వచ్చింది. "వచ్చే వారం కిందినుంచి పైకి" అన్నారు. నేను గాల్లో తేలిపోతున్నాను. సరిగ్గా అప్పుడే నానమ్మ కాఫీ తెచ్చింది.

"నానమ్మా, ఇవాళ నాక్కూడా పేపర్ గ్లాసులోనే పొయ్యవే! మాష్టారికి ఇచ్చినట్టు!"

"ఛీ, నోర్ముయ్! అది నీకెందుకురా? నీ గ్లాసు నీకుందిగా!"

అంతే. నాన్న చదువుతున్న పేపర్‌లోంచి తల ఎత్తలేదు. నానమ్మ గోడకేసి చూసింది. హాల్లో టక్... టక్... టక్.

"ఇవాళ వద్దులెండమ్మా" అన్నారు మాష్టారు. గిటార్ సంచిలో పెట్టుకున్నారు. వెళ్తూ వెళ్తూ తనే రెగ్యులేటర్ ఐదుకి తిప్పి, "మీకు ఉక్కగా ఉంది కదండి" అన్నారు నానమ్మతో. నా వైపు చూసి, "రోజూ పది నిమిషాలు... మర్చిపోకండి" అన్నారు. టీపాయ్ మీద కాఫీ అలాగే ఉండిపోయింది.

మరుసటి ఆదివారం రాలేదు. నాన్న ఫోన్ చేస్తే పని ఎక్కువుందన్నారట. "ఇంకొకళ్ళని చూద్దాంలేరా" అన్నాడు నాన్న. నేను "సరే" అన్నాను. ఆ "సరే" నాదే... దాన్ని ఎవరి మీదికీ నెట్టలేను.

డిగ్రీలో ఉండగా ఒక మీటింగు బయట పది రూపాయల పుస్తకం కొన్నాను. అందులో టీకొట్లలో దళితులకి పెట్టే విడి గ్లాసుల గురించి ఒక పేజీ ఉంది. నిలబడ్డచోటే రెండుసార్లు చదివాను. పామర్రు దగ్గర మా ఊళ్ళో, దళితవాడ నుంచి కూలికొచ్చేవాళ్ళ కోసం పశువులకొట్టం చూరులో దోపిన సత్తు గ్లాసు గుర్తొచ్చింది. అదే పటమట వచ్చి పేపర్ గ్లాసయింది. కడగక్కర్లేదు, దాచక్కర్లేదు... ఎంత తెలివి!

ఇంటికెళ్ళి అరిచాను. నానమ్మ బిత్తరపోయింది. "నేనాయన్ని ఏమన్నానురా? ఏనాడన్నా ఒక్క మాట తూలానా? అండీ అనే పిలిచానుగా!" అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. ఆ మాట నిజమే. మా మర్యాదంతా నోట్లోనే ఉంది. గూట్లో మాత్రం ఆ కట్ట ఉంది.

అరవడం బాగానే వచ్చు నాకు. మాష్టారి చర్చి దాకా ఆ రెండు వీధులు నడవడమే చేతకాలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియక ఇన్నేళ్ళూ వెళ్ళలేదు.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే స్వీప్ పికింగ్ నేర్పేవాళ్ళు వందలమంది. ఆ ఫ్యాను తీసేసి ఏసీ పెట్టించారు, చప్పుడే లేదు. నాకు మాత్రం పైనుంచి కిందికే వచ్చు. కిందినుంచి పైకి ఇంకెవరి దగ్గరా నేర్చుకోబుద్ధి కాలేదు.

రోజులు మారాయంటారు... సరే, మీ జ్ఞాపకాలూ రాయండి. మామిడిపళ్ళు, ఏటి స్నానాలు వద్దు. మీ చిన్నప్పుడు, మీ ఇంట్లో, విడిగా పెట్టిన గ్లాసు ఎవరిదో... ఆ పేరు రాయండి.