మా అత్త చెప్పులు విప్పిన రైలు

ఈ ఉదయం నూలు సేఠ్ కొత్త స్కీమ్ కాగితం పంపాడు. ఇన్ని పెట్టెల నూలు కొంటే ఈసారి యూరప్‌ అట. కాగితం మీది మంచుకొండల బొమ్మ చూడగానే మా ఆవిడ "మా అమ్మను మల్ల తోల్కపోతవా?" అని నవ్వింది. ఆ నవ్వు వెనక రెండేళ్ల కిందటి థాయిలాండ్ స్కీమ్ ఉంది. సూరత్ లింబాయత్‌లో నాకున్నవి ఎనిమిది మగ్గాలే గానీ, ఆ ఏడాది నేను కొన్న నూలుతో చందమామకు మూడుచుట్ల పంచె కట్టొచ్చు. రెండు టికెట్లు వచ్చాయి. మా ఆవిడకు విమానమంటే భయం. "నేనొస్త" అన్నది మా అత్త. ఎనభై దాటిన మనిషి. సూరత్‌లో నలభై ఏళ్లున్నా ఊరి పక్కనే ఉన్న డుమస్ సముద్రం కూడా చూడనిది.

ఎందుకు వస్తానన్నదో మాకు తెలుసు. ఆమె ఇంకా కడుపులో ఉండగానే తండ్రి సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి బొంబాయి మిల్లుకు, అక్కడి నుంచి ఓడెక్కి మలయా రబ్బరు తోటలకు పోయాడు. యుద్ధంలో జపాను సైన్యం ఆ తోటల కూలీలను పట్టుకుపోయి థాయిలాండ్ అడవుల్లో రైలు పట్టాలు వేయించిందని, అందులో ఈయనా ఉన్నాడని ఎవరో తిరిగొచ్చి చెప్పారు. చావు మాత్రం ఎవరూ చూడలేదు. ఊరేమో ఆయన అక్కడ ఇంకో పెళ్లి చేసుకున్నాడని తేల్చేసింది. అత్త వాళ్లమ్మ తాను చనిపోయేదాకా బొట్టు తీయలేదు. పెత్తరమాస నాడు పోయినవాళ్ల పేరు చెప్పి పంతులుకు బియ్యం ఇస్తాం కదా, మా ఇంట్లో ఆయన పేరొక్కటీ ఎవరూ పలకలేదు. బతికే ఉన్నాడేమోనని భయం. లెక్క ప్రకారం ఆయనకు నూరు దాటి చాలా ఏళ్లయినా సరే, అదే భయం.

అత్త సంచిలో సర్వపిండి, సకినాలు, మామిడికాయ తొక్కు. దాన్ని ఎక్కించాక విమానం ఒకపక్కకు ఒరిగిందని నా నమ్మకం. మా బృందం సముద్రానికి పోయిన రోజు మేమిద్దరం ఆ పట్టాలున్న కాంచనబురి వెళ్లాం. కొండ అంచున, నది మీద, కర్ర దూలాల వంతెన ఎక్కింది రైలు. కింద నీళ్లు, చుట్టూ ఒక్క అంగుళం వదలకుండా పచ్చదనం. జనమంతా ఫోన్లు బయటికి చాపారు. అత్త వంగి చెప్పులు విప్పి ఒళ్లో పెట్టుకుంది.

"ఏందత్తా?"

"మా బాపు ఏసిన పట్టాలు. చెప్పులేసుకొని ఎట్ల పోతరు?"

రైల్లో కూర్చున్నామని చెబుదామనుకుని మానేశాను.

తర్వాత యుద్ధ సమాధుల తోట. దువ్వినట్టున్న గడ్డి, పడుగు పోగుల్లా వరుసలు తప్పని రాళ్లు. అత్తకు చదువు రాదు. ప్రతి రాయినీ వేళ్లతో తడుముతోంది. ఎండ మండుతోంది, ఆమె ఆగడం లేదు. నాకు బుద్ధి గడ్డి తిన్నది. ఒక రాయి చూపించి "ఇదే అత్తా, బాపు పేరు" అన్నాను.

ఆమె అక్షరాలను ఒక్కొక్కటే వేలితో లెక్కబెట్టింది. "మా బాపు పేరు రెండచ్చరాలు. ఈడ పదకొండున్నయి."

"ఇంగ్లీషుల పొడుగైతది."

"పేరేమన్న నూలా అల్లుడా, గుంజితె సాగెటందుకు?"

అక్కడ గుజరాతీ బృందాలను తిప్పి తిప్పి హిందీ నేర్చిన గైడు పిల్ల అసలు సంగతి చెప్పింది. ఇవన్నీ సైనికులవి. కూలీల పేర్లు ఎవరూ రాసి పెట్టలేదు. దొరికిన ఎముకలను ఒక గుడి పక్కన స్తూపం కింద పెట్టారు. నేను అదంతా తెలుగులో చెప్పి, ఆమె ఏడుస్తుందని కాచుకున్నాను.

"పేర్లు లేనోళ్లంత ఆడనేనా?" అంది అత్త. "ఇగ ముందుగాల చెప్పవేంది? పా."

స్తూపం మీద మాకు తెలిసిన భాషేదీ లేదు. చుట్టూ ఒకసారి తిరిగి, గోడకు అరచెయ్యి ఆనించింది.

"బాపూ, నువ్వు పోయినంక పుట్టిన బిడ్డను. ఊరంత నిన్ను ఆడిపోసుకున్నది. నేను గుడ జర నమ్మిన. తప్పయింది."

ఆ ఏడాది పెత్తరమాసకు లింబాయత్ పంతులు ఎవరి పేరని అడిగితే, అత్త ఎనిమిది మగ్గాల చప్పుడు మీదుగా వినబడేటట్టు ఆ రెండక్షరాలూ చెప్పి, చేటెడు బియ్యం పోసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చినవాళ్లందరికీ తన తండ్రి రైలు వేసినవాడని చెప్పింది. దీపావళి నాటికి ఆమె కథలో ఆ రైలు మొత్తం ఆయనొక్కడే వేశాడు, నేనూ అడ్డం చెప్పలేదు. ఒక మనిషి పోయాడని ఒప్పుకోవడానికి ఎనభై ఏళ్లు పట్టవచ్చు. కూతురు వచ్చి పిలిచేదాకా కాలం అతన్ని అక్కడే నిలబెట్టి ఉంచుతుంది.