డబ్బాల తెప్ప

ఆర్యపల్లిలో పడవకు మేకులు కొట్టరు. చెక్కకు చెక్క ఆనించి, సందుల్లో ఎండుగడ్డి కూరి, కొబ్బరితాడుతో కుట్టేస్తారు. కెరటం కొడితే అలాంటి పడవ ఒళ్లు వంచుతుంది గాని విరగదు. ఆ కుట్టుకు ఇద్దరు కావాలి. అసిరయ్య బయటినుంచి తాడు దూర్చేవాడు. లోపల కూర్చున్న అతని పెళ్లాం కూర్మమ్మ అందుకుని, బిగించి, తిరిగి పంపేది. పెళ్లయిన కొత్తలో అత్త వినకుండా మొగుడితో మాట్లాడుకోవడానికి ఆమెకు దొరికిన చోటు అదొక్కటే.

అసిరయ్య చేతులు ఊరికే ఉండేవి కావు. పడవను ఇసుక మీదికి లాగడానికి గిలక చేశాడు. ఎండుచేపల మీద వాలే కాకుల్ని తోలడానికి గాలికి తిరిగే రెక్కలు కట్టాడు. గాలి పడిపోగానే కాకులు వచ్చి ఆ రెక్కల మీదే కూర్చునేవి. ఊరు నవ్వితే అతనూ నవ్వేవాడు.

ఇల్లు కదలకుండానే ఆ ఊరు మద్రాసు నుంచి ఒరిస్సాలోకి మారి అప్పటికి ఆరేళ్లయింది. యుద్ధం నడుస్తున్న ఆ వేసవిలో, జపానువాళ్లు సముద్రం మీదుగా వస్తున్నారని, వాళ్ల చేతికి చిక్కకుండా ఒడ్డున పడవలు ఉండకూడదని తెలుగులోనూ ఒడియాలోనూ దండోరా వేశారు. వారం తిరక్కుండా సర్కారు మనుషులు వచ్చి తెప్ప దుంగలు లారీల్లో వేసుకుపోయారు. పడవలన్నీ ఒకచోటికి లాగించి తగలబెట్టారు. వాటిలో రెండు ఇంకా నీళ్లు చూడనివి. గుగ్గిలం పట్టిన చెక్క మధ్యాహ్నం దాకా కాలింది.

ఆ తరవాత అసిరయ్య పనిముట్లు ముట్టలేదు. కూర్మమ్మ కలిపి పెడితే నాలుగు ముద్దలు తినేవాడు. మగవాళ్లు కూలికి ఛత్రపురం దారి పట్టారు. ఆడవాళ్లు చేపల బుట్టలు బోర్లించారు.

ఒకరోజు కూర్మమ్మ నీళ్లు మొయ్యడానికని బజారునుంచి రెండు ఖాళీ కిరసనాయిలు డబ్బాలు తెచ్చింది. అసిరయ్య నీళ్లు దూరకుండా ఒకదాని మూతికి గుగ్గిలం పూసి కెరటంలోకి తోశాడు. అది మునగలేదు. మర్నాడు ఉలి కోసం వెతుకుతున్న మొగుణ్ణి చూసి ఆమె ఏమీ అడగలేదు. అడిగితే ఎక్కడ మానేస్తాడోనని భయం.

పన్నెండు డబ్బాలు పోగుచేసి, వరసగా పేర్చి, అంచులకు వెదురుబద్దలు పెట్టి మేకులు కొట్టాడు. ఆ తెప్ప ఎక్కి సముద్రంలోకి వెళ్లాడు. మూడో కెరటానికి డబ్బాలు చిరిగి నీళ్లు తాగేశాయి. నుదురు చిట్లి, ఈదుకుంటూ వచ్చాడు.

కూర్మమ్మ గాయానికి పసుపు అద్దింది.

"ఇంక నా వల్ల కాదు, కూర్మీ. ఒదిలీ," అన్నాడు.

ఆమె చిరిగిన డబ్బా తిప్పి తిప్పి చూస్తోంది. చిరుగులన్నీ మేకుల దగ్గరే ఉన్నాయి.

"పడవకి మేకు కొట్టవు గదా మావా. డబ్బాకెందుకు కొట్టీసినావు?"

అసిరయ్య లేచి, వెదురుబద్దల్లోంచి మేకులు ఒక్కొక్కటే పీకాడు.

మళ్లీ డబ్బాలు తెచ్చారు. నాలుగు రోజులు కూర్చుని కూర్మమ్మ ఒక్కో డబ్బాకు వలసంచీ అల్లింది. ఇద్దరూ కలిసి వాటిని తాడుతో వెదురుకు కుట్టారు. ఈసారి ఏ డబ్బాకా డబ్బా కదిలింది, ఏదీ చిరగలేదు. అసిరయ్య కెరటాలు దాటి, బుట్టెడు కానాగంత చేపలతో తిరిగొచ్చాడు.

నాలుగు వారాలకు సర్కారు జమాదారు వచ్చి ఇదేమిటని అడిగాడు. ఊరిపెద్ద నరసన్న వెనక్కి జరిగాడు. ఇది పడవ కాదు బాబూ, మా అన్నం అని కూర్మమ్మే ఒడియాలో చెప్పింది. జమాదారు ఒక డబ్బాను వేలితో కొట్టి, ఆ బోలు చప్పుడు విని, ఖాళీ డబ్బాలేనంటూ వెళ్లిపోయాడు.

వానలు పట్టేసరికి ఊళ్లో అలాంటివి ఇరవై దాటాయి. ఎలా కట్టాలని ఎవరడిగినా కూర్మిని అడగమనేవాడు అసిరయ్య. మళ్లీ పడవలు కుట్టే రోజులు వచ్చేదాకా ఆ డబ్బాలే ఊరికి కూడు పెట్టాయి.

ముసలితనంలో కూర్మమ్మ మనవరాళ్లకు ఎక్కువగా చెప్పింది మాత్రం ఒక ఉదయం గురించి. అప్పటిదాకా ఎన్ని పడవలు కుట్టినా ఆమె ఎన్నడూ నీటి మీద కూర్చోలేదు. ఆడవాళ్లు సముద్రం మీదికి పోకూడదు. ఉప్పుటేటికి ఆ కట్టుబాటు లేదని అసిరయ్య ఆమెను తెప్ప ఎక్కించి, గెడ వేశాడు. ఆమె అతని కాలు గట్టిగా పట్టుకుంది. నడి ఏట్లోకి వచ్చాక ఒక చెయ్యి వదిలి నీళ్లలో పెట్టింది.

భయంగా ఉంటే వెనక్కి తిప్పుతానన్నాడు అసిరయ్య.

"ఇంకొంచెం దూరం ఎల్లు, మావా," అంది.