అత్తగారు దారం పట్టిన బండి

మా అత్తగారు పోయారు. పోయిన మంగళవారం నేను ఆఫీస్‌లో మీటింగ్‌లో ఉండగా హాస్పిటల్ నుంచి మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ లేదు" అన్నాడు. ఇక్కడ అమెరికాలో, మా బెంటన్‌విల్‌లో తెలిసినవాళ్ళంతా వచ్చారు. "ఆంటీ గోంగూర పచ్చడి ఇంక దొరకదు" అని కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు. ఆవిడేం చేసేవారని ఎవరడిగినా "హౌస్‌వైఫ్" అని చెప్పింది నేనే.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. మా అత్తగారు విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై రెండేళ్ళు లారీల ఛాసిస్‌లు సరిచేశారు. ఛాసిస్ అంటే బండి అడుగున ఉండే రెండు పొడవాటి ఇనప పట్టీలు. ఇంజన్, క్యాబిన్, చక్రాలు, అన్నీ వాటి మీదే. మామగారి షెడ్డులో కొలతల దారం రెండో కొస పట్టుకోవడానికని వెళ్ళి, చివరికి ఏ పట్టీ ఎక్కడ వంగిందో తేల్చే మనిషి అయ్యారు. "మీ మామగారిది బలం, నాది లెక్క" అనేవారు. ఎమ్మెస్ చదివిన కోడలికి ఆ గ్రీజు చేతుల గురించి నలుగురిలో చెప్పుకోవడం నామోషీ. నా మొహానికి నామోషీ ఒకటి!

మా దగ్గరికి వచ్చాక రోజూ పొద్దున్నే వంటింటి కిటికీ దగ్గర కాఫీ తాగుతూ, రోడ్డు మీద పోయే కార్లకి జబ్బులు చెప్పేవారు. రెండేళ్ళ కిందట ఒకరోజు పల్చగా మంచు పడింది. పక్కింటి పెద్దాయన తన పాత పికప్ ట్రక్కు వేసుకుని వెళ్ళాడు. నాకంటే వయసులో పెద్దది ఆ ట్రక్కు.

"అమ్మాయ్, ఇలా రా. ఆ మంచు మీద ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టు."

"నాలుగు."

"వెనక చక్రాలు ముందు చక్రాల జాడలోనే నడవాలి. రెండే పడాలి. ఛాసిస్ వంగింది. ఆయనకి చెప్పు."

"మనకెందుకు అత్తయ్యా" అన్నాను. ఆయన తిరిగి రాగానే ఆవిడే శాలువా కప్పుకుని బయల్దేరారు. ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. నేను వెనకాల పరిగెత్తాను.

పెద్దాయనకి ముందే తెలుసు. బండి గోతిలో దిగిందట. గరాజ్‌వాళ్ళు పనికిరాదన్నారట, సోమవారం స్క్రాప్‌కి పంపేస్తున్నాడట. "మా నాన్న నాకు డ్రైవింగ్ నేర్పింది దీంట్లోనే" అని మొహం తిప్పుకున్నాడు.

"దారం పట్టి చూశారా, ఊరికే కంటితో చూసి చెప్పారా? అడుగు" అన్నారు అత్తగారు. కంటితోనేనట. "హవ్వ!" అని నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు.

ఆయన సరేనన్నాడు. శనివారం ఆయన ఇంటి గరాజ్‌లో బండిని నాలుగు స్టాండ్ల మీద సమంగా ఎత్తించారు. దారానికి ఒక నట్టు కట్టి, రెండు పట్టీలకీ ఒకే చోట ఉన్న బోల్టుల దగ్గర నుంచి కిందికి వేలాడదీసి, మా పాప ఆడుకునే సుద్దముక్కతో నేల మీద చుక్కలు పెట్టారు. మూల నుంచి ఎదురు మూలకి టేపు పట్టడం నా వంతు. "చుక్క మధ్యలో పట్టు. సాఫ్ట్‌వేర్ కూడా ఇలాగే రాస్తావా?" అన్నారు. ఒక మూలకొలత రెండోదానికంటే ఇంచీ పైన ఎక్కువ వచ్చింది. ఎడమ పట్టీ బయటికి ఉబ్బింది.

ఆ పట్టీ పక్కన లావుపాటి ఇనప దూలం పెట్టి, రెండు చివర్లూ గొలుసులతో కట్టించి, మధ్యలో జాకీ ఇరికించారు. పెద్దాయన జాకీ కొడుతుంటే పట్టీ మెల్లిగా లోపలికి జరిగింది. కొలతలు సమానం కాగానే ఆయన ఆగాడు.

"ఇంకా కొట్టమను."

"సరిపోయింది కదా అత్తయ్యా!"

"ఇనుముకి పంతం ఎక్కువే అమ్మాయ్. ఇప్పుడు వదిలితే మళ్ళీ పాత చోటుకే పోతుంది. కొంచెం దాటించాలి."

ఆయన మొహం పాలిపోయింది. పట్టీ చిట్లితే వాళ్ళ నాన్న బండి ఇంక లేనట్టే. నేను "చాలట" అంటే ఆయన ఆపేస్తాడు, ఆవిడకి అర్థం కూడా కాదు. అత్తగారు నా నోటి వంకే చూస్తున్నారు.

"థర్టీ ఇయర్స్ ఈవిడ పని ఇదే. నమ్మండి" అన్నాను. ఆ మాట బయటివాళ్ళతో అనడం అదే మొదటిసారి.

"యెస్, మ్యామ్" అన్నాడాయన, నాతో కాదు, ఆవిడతో. ఇంకో నాలుగు దెబ్బలు. జాకీ వదలగానే ఇనుము మూలిగి, కొద్దిగా వెనక్కి వచ్చి ఆగింది. టేపు పట్టాను, చుక్క మధ్యలోనే. రెండు కొలతలూ ఒకటే. పెద్దాయన నేల మీద కూర్చుండిపోయి ఏడ్చాడు.

ఇంటికి వస్తుంటే అత్తగారు, "థర్టీ అన్నావు. ముప్ఫై రెండు" అన్నారు.

నిన్న మళ్ళీ పల్చగా మంచు పడింది. పెద్దాయన నడిచి వచ్చి, ఆవిడ ఫోటో ముందు టోపీ తీసి తల వంచి, తర్వాత ఆ ట్రక్కు వేసుకునే బయటికి వెళ్ళాడు. మంచు పడకముందే వచ్చిన మా ఆఫీస్ అమ్మాయి మెల్లిగా అడిగింది, "ఆంటీ ఏం చేసేవారండీ?" అని.

ఆమెని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఇంకే బండీ తిరగని రోడ్డు, వీధి చివరిదాకా తెల్లగా ఉంది.

"ఆ మంచు మీద ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టు" అన్నాను.

"రెండు" అంది.